మాచాను కాచకండి, చిలకండి

మా ఇంటికి మొదటిసారి మాచా, అంటే జపాన్ పచ్చ టీ పొడి, డబ్బా వచ్చిన రోజు అమ్మ దాన్ని మామూలు టీలాగే పెట్టింది. గిన్నెలో నీళ్ళు, పాలు, పంచదార, చితక్కొట్టిన అల్లం, అన్నీ తెర్లుతుండగా రెండు చెంచాల పచ్చపొడి. ఐదు నిమిషాలు మరిగించి వడకడితే జాలీలో పిప్పి మిగల్లేదు, గ్లాసులోకి నాచురంగు నీళ్ళు దిగాయి. ఒక గుక్క తాగి "ఏట్రా ఇది, తోటకూర ఉడకబెట్టిన నీళ్ళలాగుంది" అంది. అమ్మ తప్పేమీ లేదు, డబ్బా మీద టీ అని ఉంది, మనకు టీ అంటే మరిగించేదే. ఇప్పుడు అదే అమ్మ పొద్దున్న ఆరున్నరకు ఎంవీపీ కాలనీలో మా బాల్కనీలో కూర్చుని, పాలూ పంచదారా లేని మాచాను ఇష్టంగా తాగుతోంది. పొడి మారలేదు, చేసే పద్ధతి మారింది. ఆ పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే వైజాగ్‌లో కేఫ్‌కు వెళ్ళి ఒకసారి తీపి తీపి పచ్చపాలు తాగి "ఇదేనా మాచా" అని వదిలేసిన వాళ్ళు నాకు చాలామంది కనబడుతున్నారు.

పేరు గురించి ఒక్క మాట. జపాన్‌లో 'మచ్చ' అన్నట్టు చ ఒత్తి పలుకుతారు. తెలుగులో మచ్చ అంటే వేరే అర్థం కదా, అందుకే అందరిలాగే నేనూ మాచా అనే రాస్తాను.

అసలు ఇది ఏమిటి

మొక్క కొత్తదేమీ కాదు. అస్సాం టీ, నీలగిరి టీ, మాచా అన్నీ ఒకే జాతి టీ మొక్క నుంచి వస్తాయి, తేడా అంతా పెంచడంలో, ఆరబెట్టడంలో ఉంది. మాచా కోసం పెంచే తోటలకు ఆకు కోయడానికి సుమారు 20 నుంచి 30 రోజుల ముందు పైన పందిరి వేసి ఎండ తగలకుండా కప్పేస్తారు. టీ ఆకులో థియనిన్ అనే పదార్థం ఉంటుంది, రుచిలో కమ్మదనం దాన్నుంచే వస్తుంది. ఎండ పడే కొద్దీ అది తగ్గి వగరు పదార్థాలు పెరుగుతాయి. నీడలో ఉంచితే కమ్మదనం ఆకులోనే నిలుస్తుంది, వెలుతురు చాలక ఆకు పచ్చదనాన్ని ఇంకా పెంచుకుంటుంది. ఆ ముదురు పచ్చరంగు అలా వచ్చిందే, రంగు కలిపి తెచ్చింది కాదు.

కోసిన ఆకును ఆవిరిపట్టి, చుట్టకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేస్తే మిగిలేదాన్ని తెంచా అంటారు. దాన్ని రాతి తిరగలిలో విసురుతారు. మన అమ్మమ్మలు పప్పు విసిరిన తిరగలి లాంటిదే, కాకపోతే చాలా నెమ్మదిగా తిప్పుతారు, వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన పోతుంది. ఒక తిరగలి గంట తిరిగితే వచ్చేది 30, 40 గ్రాములే. అంటే మీరు కొనే చిన్న డబ్బా వెనక దాదాపు గంటసేపు తిరిగిన తిరగలి ఉంది. ధర చూసి ఉలిక్కిపడినప్పుడు నేను ఇది గుర్తు చేసుకుంటాను.

ఇంకో ముఖ్యమైన తేడా. మామూలు టీలో ఆకు నుంచి దిగిన సారం తాగి పిప్పి పారేస్తాం. మాచాలో ఆకు మొత్తం కడుపులోకి వెళ్తుంది. పొడి నీళ్ళలో కరగదు, తేలుతూ ఉంటుంది అంతే. అందుకే దీన్ని మరిగించకూడదు, చిలకాలి. ఈ చిలికే పద్ధతి మొదట చైనాలో ఉండేది. 1191లో చైనా నుంచి తిరిగొచ్చిన ఎయిసై అనే జెన్ బౌద్ధ భిక్షువు టీ గింజలను, ఈ పద్ధతిని జపాన్‌లో వ్యాప్తిలోకి తెచ్చాడు. ధ్యానంలో నిద్ర ముంచుకు రాకుండా భిక్షువులు తాగేవారు. తర్వాత చైనా ఆకు నానబెట్టి తాగే అలవాటుకు మళ్ళింది, చిలకడం జపాన్‌లో నిలిచింది.

కొనేటప్పుడు

డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల పట్టిక చదవండి. అక్కడ టీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పంచదార, పాలపొడి, క్రీమర్ ఉన్నవి లాటే (పాలు కలిపి తాగే రకం) మిక్స్‌లు, వాటితో ఈ వ్యాసానికి సంబంధం లేదు. 'గ్రీన్ టీ పౌడర్' అని అమ్మేవి కూడా వేరే, అవి ఎక్కువగా నీడపట్టున పెంచని ఆకును పొడి చేసినవి, చేదుగా ఉంటాయి.

ఎక్కడి ఆకో రాసి ఉంటే మంచిది. క్యోటో పక్కనున్న ఉజి పేరు ఎక్కువగా వింటారు, ఐచిలోని నిషియో, ఫుకుఓకాలోని యమె, దక్షిణాన కగోషిమా కూడా మంచి ప్రాంతాలే. 'సెరిమోనియల్ గ్రేడ్' (టీ వేడుకకు తగిన రకం) అన్న మాటకు మాత్రం మురిసిపోకండి. దానికి జపాన్‌లో చట్టబద్ధమైన ప్రమాణం ఏదీ లేదు, అమ్మేవాళ్ళు పెట్టుకునే మాట. నేను ఆ మాట చూసి ఒకసారి ఎక్కువ డబ్బు పెట్టి కొంటే, తెరవగానే ఎండిన గోరింటాకు పొడి రంగులో కనబడింది. రంగు, వాసన, నునుపు ఈ మూడే నమ్మదగినవి. మంచి పొడి చిలకపచ్చగా మెరుస్తుంది, పసుపు గానీ గోధుమ గానీ కలిసినట్టుంటే పాతబడిందనో ముదురు ఆకనో అర్థం. రెండు వేళ్ళ మధ్య రుద్దితే మొహానికి రాసుకునే పౌడర్‌లా జారాలి, గరగరలాడకూడదు. వాసన లేత గడ్డిలా, కొంచెం తియ్యగా ఉండాలి.

మొదటిసారి 30 గ్రాములకు మించి కొనకండి. కప్పుకు 2 గ్రాములు, అంటే 15 కప్పులు. డబ్బా 1,500 రూపాయలైతే కప్పు 100 పడుతుంది. తక్కువేమీ కాదు, కానీ కేఫ్‌లో ఒక లాటేకు ఇంతకంటే ఎక్కువే పెడుతున్నాం. 2024 నుంచి ప్రపంచమంతా దీనికి ఎగబడటంతో జపాన్‌లో పేరున్న పాత దుకాణాలు కూడా మనిషికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి, ధరలు పెరిగాయి. కాబట్టి ఎక్కడైనా మరీ చవగ్గా కనబడితే తొందరపడొద్దు, ముందు రంగు చూడండి.

సామాను

జపాన్ వాళ్ళు వాడే చిలుకు కుంచెను చాసెన్ అంటారు. ఒకే వెదురు ముక్కను సన్నగా చీల్చి 80, 100 పుల్లలు వచ్చేలా చేస్తారు, నారా ప్రాంతంలోని తకయామా అనే ఊరు దీనికి పేరు. మా అమ్మ దాన్ని చూడగానే "బుల్లి కవ్వం" అంది, మా ఇంట్లో అదే పేరు ఖాయమైంది. నిజంగా కవ్వం చేసే పనే ఇదీ చేస్తుంది. కానీ మజ్జిగ కవ్వంతో మాచా చిలకాలని చూడకండి, పళ్ళు మరీ లావు, నురగ రాదు, ఉండలు విడవవు.

కుంచె కొనడం ఇష్టం లేకపోతే పాలకు నురగ తెప్పించే, బ్యాటరీతో తిరిగే చిన్న మిల్క్ ఫ్రాదర్ పనిచేస్తుంది. అదీ లేకపోతే గట్టి మూతున్న సీసాలో పొడి, గోరువెచ్చటి నీళ్ళు పోసి అరనిమిషం బాగా గిలకొట్టండి, మరీ వేడి నీళ్ళు మాత్రం మూతపెట్టి గిలకొట్టొద్దు, ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. గిన్నె విషయానికొస్తే అడుగు వెడల్పుగా ఉన్న పింగాణీ సూప్ బౌల్ చాలు. స్టీలు గిన్నె వద్దు, చేతికి కాలుతుంది, కుంచె పుల్లలు గీసుకుని విరుగుతాయి. పొడి తీయడానికి మేము ఏటికొప్పాకలో కొన్న చిన్న చెక్క చెంచా వాడుతున్నాం, తడి తగలనివ్వం.

చేసే విధానం

మొదట నీళ్ళు. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు వస్తాయి, సముద్రం దగ్గర కాలనీల్లో అవి ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటితో చేస్తే రుచి మొద్దుబారిపోతుంది, ఫిల్టర్ నీళ్ళే వాడండి. నీళ్ళు ఒకసారి మరగనిచ్చి దించేయండి. మనకు కావలసింది 70 నుంచి 80 డిగ్రీల మధ్య. థర్మామీటర్ అక్కర్లేదు, ఫిల్టర్ కాఫీ చల్లార్చినట్టే చేయాలి. మరిగిన నీళ్ళను ఒక స్టీలు గ్లాసులోకి పోయండి, దాన్నుంచి ఇంకో గ్లాసులోకి. ఒక్కో పోతకు సుమారు పది డిగ్రీలు తగ్గుతాయని లెక్క. మే నెల ఉక్కపోతలో గ్లాసులే వేడిగా ఉంటాయి కాబట్టి ఇంకోసారి తిరగబోస్తే మంచిది. మరుగుతున్న నీళ్ళు నేరుగా పోస్తే చేదూ వగరూ ముందుకొచ్చి కమ్మదనాన్ని తొక్కేస్తాయి, అమ్మ మొదటిరోజు తోటకూర నీళ్ళు అన్నది దీన్నే.

ఆ మిగతా వేడి నీళ్ళు కాసిని గిన్నెలో పోసి కుంచె కొసలు ఒక నిమిషం అందులో ముంచండి. పుల్లలు మెత్తబడతాయి, గిన్నె వెచ్చబడుతుంది. తర్వాత ఆ నీళ్ళు పారబోసి గిన్నెను పొడిబట్టతో శుభ్రంగా తుడవండి. ఈ తుడవడం మర్చిపోయినప్పుడల్లా నాకు పొడి అడుగున అతుక్కుపోయింది.

ఇప్పుడు జల్లించడం. టీ వడకట్టే సన్నజాలీ మీద ఒక తలకొట్టిన టీచెంచా, అంటే సుమారు 2 గ్రాములు, వేసి చెంచా వెనకవైపుతో మెల్లగా నొక్కుతూ గిన్నెలోకి దించండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలొద్దు. మాచా ఎంత సన్నగా ఉంటుందంటే డబ్బాలోనే తనంతట తనే ఉండలు కడుతుంది, మన తేమ గాలికి ఇంకా ఎక్కువ. ఒకసారి నీళ్ళు తగిలాక ఆ ఉండ పైన తడిసి లోపల పొడిగా ఉండిపోతుంది, ఎంత చిలికినా విడవదు, తాగేటప్పుడు నోట్లో పగిలి చేదు పొడి అంటుకుంటుంది. ఒక్క అరనిమిషం జల్లిస్తే ఇదంతా తప్పుతుంది.

తర్వాత బజ్జీల పిండి గుర్తు తెచ్చుకోండి. శనగపిండిలో నీళ్ళు ఒకేసారి కుమ్మరించం కదా, కొంచెం పోసి ముద్దలా కలుపుకుని అప్పుడు పల్చన చేస్తాం. ఇక్కడా అంతే. ముందు రెండు చెంచాల నీళ్ళు పోసి కుంచెతో నెమ్మదిగా మెత్తటి ముద్దలా కలపండి, అప్పుడు మిగతా నీళ్ళు. అంతా కలిపి 60, 70 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో మూడొంతుల కన్నా తక్కువే.

ఇక చిలకడం. కవ్వంలా రెండు చేతుల మధ్య తిప్పకూడదు, గుండ్రంగా కలపకూడదు. మోచెయ్యి కదలకుండా మణికట్టుతో ముందుకూ వెనక్కూ, ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం రాస్తున్నట్టు, వేగంగా. కుంచె కొసలు గిన్నె అడుగును నొక్కకుండా కాస్త పైన ఆడాలి. 15, 20 సెకన్లలో పైన నురగ కడుతుంది. ముందు పెద్ద బుడగలు వస్తాయి, అప్పుడు కుంచెను పైపైకి తెచ్చి మెల్లగా ఆడిస్తే అవి పగిలి సన్నటి నురగ మిగులుతుంది. తోడుపెట్టిన పెరుగు చిలికేటప్పుడు చప్పుడు మారడం విన్నవాళ్ళకు ఇక్కడా ఆ మార్పు తెలుస్తుంది, మొదట పలచటి నీళ్ళ చప్పుడు, తర్వాత మెత్తగా, లోతుగా. నాకు సరిగ్గా కుదరడానికి వారం పట్టింది. అమ్మకు రెండో రోజే కుదిరింది, ఆవిడ మణికట్టులో నలభై ఏళ్ళ మజ్జిగ ఉంది.

నురగ రాకపోతే కంగారు పడొద్దు. నురగ అందం కోసం కొంత, నోటికి మెత్తగా తగలడం కోసం కొంత. జపాన్‌లోనే కొన్ని టీ సంప్రదాయాల్లో నురగ తక్కువగా ఉంచుతారు.

చిలికిన వెంటనే తాగండి. పక్కన పెట్టి ఫోన్ చూసుకుంటే పొడి అడుగుకు దిగిపోతుంది, పైన నీళ్ళు, కింద బురద. మూడు నాలుగు గుక్కల్లో అయిపోయే పానీయం ఇది. చివర్లో గిన్నెకు అంటుకున్నది వదలకుండా రెండు చెంచాల వేడి నీళ్ళు పోసి తిప్పి తాగేయండి, ఆకంతా కొన్నాం కదా.

రుచి ఎలా పట్టుకోవాలి

మనం టీలో వెతికే రుచులు తీపి, అల్లం ఘాటు, పాల చిక్కదనం. ఇందులో అవి ఉండవు, అందుకే మొదటి గుక్కకు ఖాళీగా అనిపిస్తుంది. రెండో గుక్కను నాలుక మీద ఒక క్షణం ఆపి చూడండి. ముందు లేత పసరు వాసన తగులుతుంది, తర్వాత ఒక చిన్న చేదు, మింగాక గొంతులో మిగిలేది మాత్రం కమ్మదనం. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపినప్పుడు వచ్చే ఆ నిండుదనానికి తెలుగులో మనకు మాట ఉంది, కమ్మగా ఉంది అంటాం. జపాన్ వాళ్ళు ఉమామి అనేది దాదాపు అదే. వగరు మాత్రం నోరు పట్టేసేంత ఉండకూడదు. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పీక్కుపోతే నీళ్ళు మరీ వేడిగానైనా ఉన్నాయి, పొడైనా నాసిరకం.

పది రోజులు రోజూ ఒకే వేళకు, పాలు లేకుండా తాగి అప్పుడు నచ్చిందో లేదో తేల్చుకోండి. ఉగాది పచ్చడిలో వేపపువ్వును కూడా ఇష్టంగా తినే నాలుకలు మనవి, ఈ చేదు పెద్ద లెక్క కాదు.

జపాన్‌లో మాచాకు ముందు ఒక చిన్న తీపి తింటారు, టీతో పాటు కాదు, ముందు. ఆ తీపి నోట్లో మిగిలి ఉండగా చేదు తగిలితే రెండూ అందంగా కలుస్తాయి. టీలో పంచదార ఎందుకు వేయరో నాకు అప్పుడు అర్థమైంది. మనకు మాడుగుల హల్వా కంటే మంచి జోడీ ఏముంది చెప్పండి. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో నోట్లో జారిపోయే ఆ చిన్న ముక్క తిని, నీళ్ళు తాగకుండా వెంటనే మాచా గుక్క వేయండి. నెయ్యి జిడ్డును టీ కడిగేస్తుంది, టీ చేదును హల్వా మింగేస్తుంది. పూతరేకు కూడా బాగుంటుంది. కాజా మాత్రం నాకు నచ్చలేదు, పాకం మరీ ఎక్కువై టీ రుచి తెలియదు. కారప్పూస, మిక్చర్ వద్దే వద్దు.

వైజాగ్ ఎండలకు

ఏప్రిల్, మే నెలల్లో వేడి గిన్నె చేత పట్టబుద్ధి కాదు. 2 గ్రాముల పొడిని 30 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళతో చిక్కగా చిలికి, గ్లాసులో చల్లటి కొబ్బరినీళ్ళు పోసుకుని పైన వంపండి. కొబ్బరినీళ్ళ సన్నటి తీపి, ఉప్పదనం దీనికి ఎంత నప్పుతాయంటే ఇంట్లో అందరూ, మాచా వద్దన్న మా నాన్నగారితో సహా, ఇదే అడుగుతారు. బొండం లేతది తీసుకోండి, ముదిరిన కాయ నీళ్ళలో ఆ తీపి తగ్గిపోతుంది. ముంజల కాలంలో రెండు లేత ముంజలు కోసి అందులో వేస్తే ఇంకా బాగుంటుంది.

పాలతో కావాలనుకునేవాళ్ళు 3 గ్రాములు తీసుకోండి, పాలలో రుచి తగ్గిపోతుంది కాబట్టి. ముందు నీళ్ళతో చిలికి, తర్వాత 150 మిల్లీలీటర్ల పాలు. చిక్కటి గేదెపాల వెన్న మాచాను మూసేస్తుంది, టోన్డ్ పాలు మేలు, మరిగించకుండా వేడి చేయండి. బెల్లం వేస్తే రంగు మట్టిలా మారుతుంది, బెల్లం రుచి టీ రుచిని దాటేస్తుంది. అనకాపల్లి బెల్లమంటే నాకు ప్రాణం, అయినా ఇందులో వేయను.

ఉప్పుగాలి, తేమ, డబ్బా

ఇక్కడ సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, మాచా ఎంత. దానికి గాలి, వెలుతురు, వేడి, తేమ నాలుగూ శత్రువులే. గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో, ఇంగువకూ పచ్చళ్ళకూ దూరంగా పెట్టండి, వాసనలు ఇట్టే పట్టేస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను వెంటనే తెరిస్తే మన గాలిలోని తేమ చల్లటి పొడి మీద నీళ్ళై వాలుతుంది. అందుకే నేను వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి బయట చీకటి అరలో పెట్టుకుంటాను. పెద్ద డబ్బా తీసినప్పుడు అరగంట ఆగి తెరుస్తాను. తెరిచాక నెల, రెండు నెలల్లో వాడేయాలి.

కుంచెను సబ్బుతో కడగొద్దు, గోరువెచ్చటి నీళ్ళలో ఆడించి గాలి తగిలే చోట నిలబెట్టి ఆరనివ్వండి. దాంతో వచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో తడిగా దాస్తే వర్షాకాలంలో వారానికే బూజు పడుతుంది, నా మొదటిది అలాగే పోయింది.

ఎప్పుడు, ఎంత, ఎవరు వద్దు

2 గ్రాముల మాచాలో సుమారు 60, 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు ఒకటి హాయి, రెండు చాలు. కాఫీ, టీ కూడా తాగుతుంటే అవీ లెక్కలోకి తీసుకోండి. సాయంత్రం నాలుగు దాటాక నేను తాగను, నిద్ర పాడవుతుంది. పరగడుపున కొందరికి వికారం వస్తుంది, అందుకే ముందు ఒక ఇడ్లీయో అరటిపండో తినండి. భోజనంతో పాటు వద్దు, టీలోని వగరు పదార్థాలు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. భోజనానికి గంట అటో ఇటో పెట్టుకోండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు దీన్ని తప్పకుండా పాటించాలి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగండి. ఆకంతా మింగుతున్నాం కాబట్టి విటమిన్ కె కూడా వెళ్తుంది, కొన్ని మందులకు అది అడ్డు. ఇక ఇది తాగితే బరువు తగ్గిపోతారని చెప్పేవాళ్ళ మాట నమ్మి కొనకండి, రుచి కోసం కొనండి.

డబ్బా అడుగున పాతబడి రంగు తగ్గిన పొడి మిగిలితే పారేయొద్దు. మా అమ్మ దాన్ని కొబ్బరి లౌజులో వేస్తుంది. ఒక కాయ కొబ్బరి తురుము, ముప్పావు కప్పు పంచదార కలిపి దగ్గరపడేదాకా కలియబెట్టి, స్టవ్ ఆపి ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు రెండు చెంచాల మాచా జల్లించి కలుపుతుంది. పొయ్యి మీద ఉండగా వేస్తే రంగు చచ్చిపోతుందట. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే ఉండలు చుట్టేయాలి.